నాయన ఫైల్

ఇంటర్ పరీక్షలు అయిపోయిన మూడో రోజు మా అన్న సతీష్ ఇంటికొచ్చినాడు. వాడు పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తా, ఆడనే రూములో ఉంటాడు. ఆదివారాలు మాత్రం ధర్మవరం వస్తాడు. ఆ వారం వాని బ్యాగులో మాసిన బట్టల కింద ఒక పాత వీడియో గేమ్ పెట్టె, దానికి రెండు రిమోట్లు ఉన్నాయి. రూములో ఉండే పిల్లోడు పని మానేసి ఊరికి పోతాపోతా వీని చేతిలో పెట్టి పోయినాడంట.

"ఈ వయసులో నీకు ఆటలేందిరా?" అన్నది అమ్మ.

"నాకు కాదుమా. నాయన చేతికి."

నాయన చేయి పడిపోయి అప్పటికి నాలుగు నెలలు. ముప్పై ఏండ్లు పట్టుచీరలు నేసిన మనిషి. ఒకరోజు పొద్దున మగ్గం మీద కూర్చొని పోగుల నడుమ నాడె ఆడించబోతే కుడిచేయి లేవలేదు. "నాగలక్ష్మీ" అని అమ్మను పిలవబోతే మాట గూడా పెకల్లేదు. స్ట్రోక్ అన్నారు ఆస్పత్రిలో. నెల తిరిగేసరికి మాటొచ్చింది, కాలొచ్చింది. చేయి మాత్రం భుజానికి తగిలించిన సంచి మాదిరి వేలాడతా ఉండిపోయింది. ఇంకొకటి గూడా ఉండె. పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి మర్చిపోయేవాడు. వచ్చి పోయిన మనిషిని, "వాడు రాక ఎన్నాళ్లాయె?" అని అడిగేవాడు. అదీ నిదానంగా సర్దుకుంటాదిలే అన్నారు.

హిందూపురంలో ఫిజియోథెరపీ చేసే ఆరిఫా మేడం దగ్గరికి రెండు వారాలకొకసారి నేనే రైల్లో పిల్చుకొని పోతాంటి. వేళ్లకు పని చెప్పమని ఆమె అంటే, అమ్మ చపాతీ పిండి ముద్ద చేతిలో పెట్టి పిసకమనేది. నాయన రెండు సార్లు పిసికి, "నేనేమన్నా పసిబిడ్డనా?" అని ముద్ద పక్కన పెట్టేవాడు. అన్న తెచ్చిన ఆట దగ్గర మాత్రం ఆ మాట అనలేదు.

అది కొండలు దాటే ఆట. నెత్తిన ఎర్రటోపీ, భుజాన మూటతో ఒక చిన్న మనిషి నడుస్తా ఉంటాడు. ఎడమచేత్తో వాన్ని నడిపించాల, కుడిచేతి బొటనవేలితో మీట నొక్కి ఎగిరించాల. ముప్పై లెవెళ్లు. లెవెల్ మధ్యలో జెండాలుంటాయి, జెండా దాటితే అంతవరకూ సేవ్ అయిపోతాది. ఆ టోపీవాని నడక చూసి నాయన మొదటిరోజే నవ్వినాడు. "ఈడు అచ్చం మన ఓబులేసు నడిచినట్ల నడుస్తాండాడే!" ఓబులేసు మా వీధి చివర మగ్గం నేసే ఆయన. ఆపొద్దు నుంచి ఆటలో వాని పేరు ఓబులేసే.

మొదటి వారం ఐదో లెవెల్‌కి పోయినాడు నాయన. ఆదివారం అన్న వచ్చి, ఊరికే చూస్తానని కూర్చొని, తొమ్మిదో లెవెల్ దాకా ఆడేసినాడు. ఎంతవరకూ ఆడిందీ దాచిపెట్టే ఫైల్ ముగ్గురికీ ఒకటే. సోమవారం నాయన రిమోటు పట్టుకుంటే ఎప్పుడూ చూడని మంచుకొండ ఎదురుగా ఉండాది. ఓబులేసు కాలు పెట్టడం, జారిపడడం. పెట్టడం, పడడం.

"ఇదేంది పాపా, నేను ఈడికి ఎప్పుడొచ్చినా?" అన్నాడు నాయన బిక్కమొహం వేసుకొని.

నాకు అన్న మీద పట్టరాని కోపం వచ్చింది. మళ్లా ఆదివారం వాడు గడప తొక్కీతొక్కంగానే పట్టుకున్నా. "నీ ఫైల్ నువ్వు పెట్టుకోవాల కదా అన్నా! నాయన అడుగు అడుగు ఎక్కుతాంటే నువ్వు మధ్యలో ఎత్తుకపోతివే!"

"అంత ఆలోచన చేయలేదే ప్రియా. తప్పే."

ఆపొద్దే మూడు ఫైళ్లు చేసినాం. సతీష్, ప్రియ, నాయన అని ఒకదాని కింద ఒకటి. ప్రతి పేరు పక్కన ఏ లెవెలో, ఆఖరున ఎప్పుడు ఆడిందో టైముతో సహా వస్తాది. నాయన మళ్లా మొదటి నుంచి మొదలుపెట్టినాడు. "నాయన ఫైల్ ముట్టనని అమ్మ మీద ఒట్టు పెట్టు" అంటే, నెత్తి మీద చేయి పెట్టించుకోను అమ్మ వంగింది నవ్వుకుంటా. అన్న పెట్టినాడు. నన్నెవరూ ఒట్టు పెట్టమనలేదు.

ఏప్రిల్ అంతా బాగా జరిగింది. సాయంత్రం ఎండ తగ్గినాక నాయన గంట సేపు ఆడేవాడు. బొటనవేలు మీట మీద నిలవక జారిపోతాంటే, ఎడమచేత్తో ఎత్తి మళ్లా పెట్టుకునేవాడు. నేను పక్కన కూర్చొని, "ఆ, ఇప్పుడు నొక్కు నాయనా" అంటా ఉంటి. ఆరిఫా మేడం నోటుబుక్కులో చేతి పట్టు ఎంతుందో రాసుకునే వరుస పక్కనే లెవెల్ గూడా రాసుకోవడం మొదలుపెట్టింది.

"ఏమన్నా, ఓబులేసు యాడికి పోయినాడు?" అని అడిగేది నాయన కుర్సీలో కూర్చోంగానే.

"పదకొండు మేడం" అనేవాడు నాయన. పదో తరగతి మార్కులు చెప్పే పిల్లోని మాదిరి.

పద్నాలుగో లెవెల్ దగ్గర ఆగిపోయింది.

రెండు కొండల నడుమ మూడు పలకలు ఊగుతా ఉంటాయి. వరసగా మూడు సార్లు, ఊపిరి తీసుకునేంత సందు లేకుండా నొక్కాల. నాయన మొదటి పలక ఎక్కేవాడు. రెండోదానికి వేలు లేచేలోగా ఓబులేసు లోయలో పడేవాడు. తొమ్మిది రోజులు. పదోరోజు రిమోటు మంచం మీద పెట్టి, "ఇంగ దీన్ని తీసి సతీష్‌కి ఇచ్చేయి పాపా" అన్నాడు. మర్నాడు సాయంత్రం ఆడలేదు. ఆ మర్నాడు పిండి ముద్దా ముట్టలేదు. హిందూపురం పోయే రోజు, "పోయి ఏం చెప్పాల? పద్నాలుగు అనే చెప్పాల్నా?" అని గోడ వైపు తిరిగి పండుకున్నాడు. ఆ వారం రైలెక్కలేదు మేము.

ఆ మధ్యాహ్నం అన్నం తిని నాయన గురక పెడతాండాడు. అమ్మ ఓబులేసు వాళ్లింటికి పోయింది. నేను టీవీ సౌండు తీసేసి నాయన ఫైల్ తెరిచినా. నాలుగుసార్లు పడి, ఐదోసారి మూడు పలకలూ దాటి అవతల జెండా దగ్గరికి పోయినా. అంతే, ఆపేసినా. లెవెల్ పూర్తి చేయలేదు. మిగతాది ఆయనే చేసుకోవాలని.

సాయంత్రం బలవంతంగా రిమోటు చేతిలో పెడితి.

"ఇదేంది, జెండా అవతలికి పోయింది?" అన్నాడు నాయన.

"నువ్వే కదా దాటినావు నాయనా, నిన్న. మర్చిపోయినావా?"

నా వైపు చూసినాడు. "నేనా? నిన్న నేను ఆడనే లేదే?"

"ఆడినావు. మూడో పలక మీద నుంచి ఎగిరినప్పుడు నేను చప్పట్లు గూడా కొడితిని కదా! నీకు గుర్తులేదా?"

ఆ చప్పట్లు నేను అప్పటికప్పుడు పుట్టించినా. ఎట్ల వచ్చినాయో నోటికి, అంత సులువుగా.

నాయన కొంచెంసేపు టీవీ వైపు, కొంచెంసేపు చేతి వైపు చూసినాడు. నిదానంగా మొహంలో నవ్వొచ్చింది. "అట్లనా? నేనే దాటినానా?" అన్నాడు. "ఏమే, ఇన్నావా? పద్నాలుగోది దాటినానంట!" అని వంటింట్లో ఉండే అమ్మకు కేకేసినాడు. ఆ సాయంత్రం మిగతా లెవెల్ నిజంగానే ఆయనే పూర్తి చేసినాడు. అది చూసి నేను చేసింది మంచిపనే అనుకున్నా.

తర్వాత ఆగలేదు. పదహారులో ఒకచోట, పద్దెనిమిదిలో రెండుచోట్ల, ఇరవైలో సగానికి పైన. కష్టమైన చోటు వస్తే రెండు రోజులు చూసి, మూడోరోజు మధ్యాహ్నం నేను దాటించేదాన్ని. "నిన్న నువ్వే" అనేదాన్ని. కొన్ని నిజంగా ఆయనే దాటినాడు. ఏవి ఆయనవో ఏవి నావో కొన్నాళ్లకు నాకే తెలీకుండా పోయింది.

మే నెల మధ్యలో ఆరిఫా మేడం దగ్గర, "ఇరవై రెండు" అన్నాడు నాయన.

"ఇరవై రెండా! ఏమన్నా, కొండలన్నీ నువ్వే ఎక్కేస్తాండావే" అని నవ్వి, పట్టు చూసే యంత్రం చేతికిచ్చింది. నాయన పిసికినాడు. ఆమె ముల్లు చూసి, మళ్లా ఒకసారి పిసకమంది. "పోయిన నెల పట్టు ఎంతో ఇప్పుడూ అంతే ఉండాదే" అని నోటుబుక్కు వైపు కొంచెంసేపు చూసింది. "పోనీలే, వస్తాది."

తిరుగు రైల్లో నాయన కిటికీ పక్కన కూర్చొని, "పాపా, మీ అమ్మ పుట్టినూరు తాడిమర్రే కదా?" అని అడిగినాడు.

"తాడిమర్రే నాయనా. ఏంటికి?"

"ఊరికే."

ఆ రోజుల్లో అట్లాంటివి శానా అడిగేవాడు. మన మగ్గం గుంత తవ్వించింది మీ తాతనా నేనా, సతీష్ పుట్టింది వానాకాలంలోనే కదా, నా పెండ్లికి కదిరి నుంచి వచ్చిన మేనమామ పేరు మల్లప్పే కదా. ఏం తోచక అడుగుతాండాడు అనుకున్నా. పొద్దున నిద్ర లేస్తానే మంచం మీద కూర్చొని పెదాలు కదిలిస్తాంటే, దేవుని పేర్లు చెప్పుకుంటాండాడు అనుకున్నా.

మే ఆఖరి ఆదివారం నా స్నేహితురాలి అక్క పెండ్లికి కదిరి పోయి, సోమవారం మధ్యాహ్నం తిరిగొచ్చినా. నాయన ఆడతాండాడు. టీవీలో పచ్చని గడ్డి, చిన్న చిన్న గుట్టలు. మొదటి లెవెల్. నేను బ్యాగు దించకుండానే రిమోటు తీసుకొని ఫైళ్ల పేర్లు చూసినా. సతీష్ ముప్పై, ప్రియ ఇరవై ఆరు. నాయన, ఒకటి.

"ఏమైంది నాయనా? ఇరవై మూడు ఉండె కదా?"

"పోయింది" అన్నాడు నాయన. రిమోటు కోసం చేయి చాపినాడు.

ఇంట్లోకి ఆదివారం వచ్చి పోయింది ఒకడే. వాకిట్లోకి పోయి అన్నకు ఫోన్ చేసినా.

"నాయన ఫైల్ చెరిపింది నువ్వేనా?"

వెనకాల మిషన్ల చప్పుడు ఇనిపిస్తాండాది. "ఆ. నేనే అనుకో."

"అనుకో అంటే ఏంది?"

"నేనే లే. చెయ్యి జారింది."

"అమ్మ మీద ఒట్టు పెట్టినావు నువ్వు! రెండు నెలలు అన్నా. రెండు నెలలు ఆ వేలు ఎత్తి పెట్టుకుంటా ఎక్కినాడు ఆయన. నాయన పడిపోయిన రోజు నువ్వు ఇంట్లో లేవు, ఆస్పత్రిలో లేవు. వారానికొకసారి చుట్టం మాదిరి వచ్చి ఉన్నది గూడా చెరిపి పోతావా? ఇంట్లో ఉండి చూసుకునేది నేను."

"ఔను" అన్నాడు వాడు. "ఇంట్లో ఉండేది నువ్వే." ఫోన్ పెట్టేసినాడు.

నా సొంత అన్న ఇట్ల చేస్తాడని ఎప్పుడూ అనుకోలేదు. ఆ మూడు రోజులూ వాడు చేసిన ఫోన్లు ఎత్తలేదు. అమ్మ, "ఒక ఆట కోసం అన్నాచెల్లెండ్లు మాటలు మానుకుంటారా?" అంటే అమ్మ మీద గూడా అరిచినా. నాయన పక్కన కూర్చొని, "నువ్వు దిగులుపడొద్దు నాయనా. నాకిచ్చేయి, రెండు రోజుల్లో నిన్ను మళ్లా ఇరవై మూడుకు తెచ్చి పెడతా" అన్నా.

నాయన ఆట ఆపి నా మొహంలోకి చూసినాడు. ఏదో చెప్తాననుకొని ఎదురుచూసినట్ల శానాసేపు చూసినాడు.

"వద్దులే పాపా" అన్నాడు.

గురువారం హిందూపురం పోయినాం. రైలు పెనుకొండలో ఆగితే అన్న మా పెట్టెలోకే ఎక్కినాడు. ఆపొద్దు వానికి సెలవంట, నాయనే రమ్మన్నాడంట. కాగితం పొట్లంలో వేయించిన శనక్కాయలు నా వైపు చాపినాడు. నేను కిటికీ వైపు తిరుక్కున్నా. వాడు పొట్లం నాయనకిచ్చినాడు. నాయన ఒక్కొక్క కాయ కుడిచేతి వేళ్లతోనే ఒలుచుకోవాలని చూస్తా, సగం కింద పడేస్తా, హిందూపురం దాకా నాలుగు తిన్నాడు.

ఆరిఫా మేడం నోటుబుక్కు తెరిచింది. "ఏమన్నా, ఎంతవరకూ వచ్చినాడు ఓబులేసు?"

"నాలుగు మేడం."

"ఇరవై నాలుగా!"

"కాదు. నాలుగు."

ఆమె పెన్ను ఆగిపోయింది. "పోయినసారి ఇరవై రెండు అని రాసుకున్నానే?"

"అది నాది కాదు మేడం. కొట్టేయండి" అన్నాడు నాయన. మామూలుగానే అన్నాడు, ఫ్యాన్ కొంచెం తగ్గించండి అన్నట్లు. "పద్నాలుగో దాని నుంచి కొట్టేయండి. అంతకు ముందువి నావే."

ఆరిఫా మేడం నా వైపు ఒకసారి చూసి, ఏమీ అడగకుండా వరుసలో గీత కొట్టింది. కింద నాలుగు అని రాసింది. "చేయి ఇయ్యన్నా" అని యంత్రం అందుకుంది. నేను బల్ల మీద ఉండే రబ్బరు బంతి చూస్తా నిలబడినా. అన్న నా పక్కనే ఉండాడు. వాడూ నా వైపు చూడలేదు.

బయటికొచ్చినాక నాయన నీళ్లు తాగను పోతే, అన్నను అడిగినా. "ఎట్ల తెల్సింది?"

"ఆదివారం నాయనే నన్ను లోపలికి పిల్చి తలుపేసినాడు. 'నాకు మతి పోతాందిరా సతీషా. చేసినవి ఏవీ గుర్తుండడం లేదు. మీ అమ్మకు, చెల్లెలికి చెప్పొద్దు. బెంగళూరులో దీనికి డాక్టరుంటే చూడు' అన్నాడు. ఏం గుర్తులేదు నాయనా అంటే, ఆట సంగతి చెప్పినాడు. నేను ఫైల్ తెరిచి టైము చూసినా. శనివారం మధ్యాహ్నం రెండున్నర. ఆ వేళకు నాయన నిద్రపోతా ఉంటాడని మనింట్లో ఎవరికి తెలీదు?"

"నువ్వు చెరిపినావా?"

"యాడ మీట నొక్కాల్నో చూపించినా. నొక్కింది ఆయనే. మూడుసార్లు జారింది వేలు, అయినా నన్ను ముట్టనీలేదు."

"మరి ఫోన్లో నువ్వే అని ఏంటికి చెప్పినావు? నేను అన్ని మాటలంటే ఏంటికి పడినావు?"

"నాయన చెప్పొద్దన్నాడు. 'దానంతట అదే వచ్చి చెప్తాది చూడు' అన్నాడు. సోమవారం నుంచి చూసినాడు నీకోసం."

ఇద్దరికీ తెల్సు. నేను వాకిట్లో నిలబడి అరిచినప్పుడు తెల్సు. రెండు రోజుల్లో తెచ్చి పెడతా అని నాయన ముందర కూర్చున్నప్పుడు తెల్సు. తెలిసీ చూస్తా కూర్చున్నారు. నేను ఎవరి కోసం చేసినానో ఆయనే నన్ను అట్ల నిలబెట్టి చూసినాడని రోషం ముంచుకొచ్చింది. ఆ రోషం పెనుకొండ దాకా ఉండె. ఆడ అన్న దిగిపోయినాడు.

అన్న దిగిపోయిన చోట వేరే ఎవరూ కూర్చోలేదు. నాయనా నేనూ ఎదురెదురుగా ఉన్నాం. రైలు కదిలినాక నాయనే మొదలుపెట్టినాడు.

"చప్పట్లు కొట్టినానంటివి చూడు పాపా, పద్నాలుగో దానికి. ఆ చప్పట్లు గుర్తు తెచ్చుకోవాలని ఎన్ని పొద్దులు కూర్చున్నానో తెల్సా? నువ్వు యాడ కూర్చొని ఉంటివి, నేను ఏం చొక్కా వేసుకొని ఉంటి, ఇవన్నీ. ఒక్కటీ రాలే." కిటికీ బయటికి చూసినాడు. "చేయి పోతే ఒక తీరు. ఇది గూడా పోతాందే అనుకున్నా. పొద్దున లేస్తానే మీ అందరి పేర్లు, ఊర్లు చెప్పి చూసుకుంటాంటి, ఉండాయా పోయినాయా అని."

"నీ కోసమే చేసినా నాయనా" అన్నా.

"తెల్సు" అన్నాడు నాయన.

ధర్మవరంలో దిగేటప్పుడు ఎప్పటి మాదిరే చేయి పట్టుకోబోయినా. ఆయన ఎడమచేత్తో కడ్డీ పట్టుకొని తానే దిగినాడు.

ఆ తర్వాత ఆట ఆడేటప్పుడు నన్ను పక్కన కూర్చోమనలేదు. వద్దనీ అనలేదు. నేను లోపలికొస్తే ఆట ఆపి, నేను బయటికి పోయేదాకా రిమోటు ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చునేవాడు. రెండుసార్లు చూసి నేనే పోవడం మానుకున్నా. అన్నతో మాట్లాడడం మొదలుపెట్టినా కానీ, పాత చనువు రావడానికి శాన్నాళ్లు పట్టింది. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పో వాడూ తేల్చలేదు, నేనూ అడగలేదు.

చేయి మాత్రం మెల్లగా దారికొచ్చింది. జూన్ దాటేసరికి కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు, చొక్కాకి పైన రెండు గుండీలు తానే పెట్టుకునేవాడు. ఆటలో పదకొండుకొచ్చినాడని అమ్మ చెప్తే తెల్సింది నాకు. మతిమరుపు గూడా పోయింది. ఏ రోజు ఎవరొచ్చిందీ, ఏం మాట్లాడిందీ పూసగుచ్చినట్లు చెప్పేవాడు.

నాకు అనంతపురంలో డిగ్రీ సీటొచ్చింది. హాస్టల్‌కి పోయే రోజు పొద్దున నాయన మాత్రల డబ్బా తెరిచి బీపీ మాత్ర తీస్తాంటే చూసినా.

"అది వేసుకుంటివి కదా నాయనా. ఇడ్లీ తిన్నాక నేనే ఇస్తి."

నాయన చేయి ఆగింది. నా వైపు చూసినాడు. కోపంగా ఏమీ కాదు. మళ్లా వంటింటి వైపు తల తిప్పి, "ఏమే, నేను పొద్దున మాత్ర వేసుకున్నానా?" అని అడిగినాడు.

"వేసుకుంటివి కదా! పాప ఇచ్చె, నేను చూస్తిని" అన్నది అమ్మ లోపల్నుంచి.

అప్పుడు మాత్ర డబ్బాలో పెట్టేసినాడు.

అమ్మ చేతులు తుడుచుకుంటా వచ్చి, "ఈ మధ్య నువ్వు ఏది చెప్పినా మళ్లా నన్నడుగుతాడు మీ నాయన. ఎందుకో ఏమో" అన్నది. ఆమెకు ఏమీ తెలీదు. నాయన చెప్పలేదు, అన్నతో చెప్పించలేదు.

నేను డబ్బాకు మూత పెట్టి, బ్యాగు సర్దుకోను లోపలికి పోయినా.